జీడిపిక్కల కన్వేయర్ చైన్‌కి చెవి లింకులు ఊరికే తెగిపోతన్నాయి, ఏటి చెయ్యాలి?

కాశీబుగ్గ పిక్కలు: నమస్తే అన్నలూ, మాది పలాస పక్కన చిన్న జీడి యూనిట్. పిక్కల్ని కుక్కర్ హాపర్‌లోకి ఎక్కించే ఏటవాలు కన్వేయర్ ఉంది, రెండు చైన్ల మధ్య ఇనప పట్టీలు బోల్టులేసుంటాయి, ఆ పట్టీని పట్టుకునే చెవి లింకులు ఈ నెల్లో మూడు పోనాయి. మొదటిదానికి మామూలు లింకు మీద యాంగిల్ ముక్క వెల్డింగ్ పెట్టించీసాను, తొమ్మిది రోజులకి వెల్డింగ్ పక్కనే విరిగిపోనాది. చైన్ మీద నంబరు చెరిగిపోయింది, పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) అంగుళం. చైన్ సైజు ఒక షాపులో 80 అంటారు ఇంకో షాపులో 16బి అంటారు, ఏది తెచ్చుకోవాలి?

రాజాం ఫిట్టర్: వెల్డింగ్ మాత్రం మళ్ళీ పెట్టించకు బావా. ఆ ప్లేట్లు హీట్ ట్రీట్‌మెంట్ అయ్యొస్తాయి, వెల్డింగ్ వేడికి ఆ పదును పోయి పక్కన పెళుసైపోతాది, అందుకే అక్కడే విరిగింది. 80కీ 16బికీ పిచ్ 25.4 మిల్లీమీటర్లే, కానీ లోపలి ప్లేట్ల మధ్య వెడల్పు 80కి 15.75, 16బికి 17.02. పిన్ను లావూ తేడాయే. ఒకదాని లింకు ఇంకోదాన్లో కలపకూడదు. కాలిపర్ పెట్టి కొలువు, అలాగే చైన్ బిగువుగా ఉన్నప్పుడు 20 లింకులు ఎంతొచ్చాయో చెప్పు.

కాశీబుగ్గ పిక్కలు: వెడల్పు 17. 20 లింకులకి 524 వచ్చింది.

రాజాం ఫిట్టర్: అయితే 16బి. కానీ నీ జబ్బు లింకుది కాదు బావా, చైన్‌దే. కొత్తదైతే 508 రావాలి, మూడు శాతం దాటి సాగిపోనాది, కన్వేయర్ చైన్ రెండు శాతం దగ్గరే తీసీడం మంచిది. సాగిన చైన్‌లో కొత్త లింకేస్తే పిచ్ కలవదు, స్ప్రాకెట్ (చైన్ని తిప్పే పళ్ళ చక్రం) ఎక్కినప్పుడల్లా అక్కడ గుద్దుద్ది. స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగిపోతే అవీ మార్చాలి, లేపోతే కొత్త చైన్ని తినేస్తాయి.

కాశీబుగ్గ పిక్కలు: ఒక పక్క చైన్ బానే ఉన్నట్టుంది, రెండోదే మారిస్తే అవ్వదేటి?

బొబ్బిలి రైస్ మిల్లు: అవ్వదండి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి అయితే పట్టీ వంకరగా నడుస్తాది, ఆ లాగుడంతా చెవి మీదే పడతాది, మా ఊక కన్వేయర్‌కి ఇదే పని చేసి మూడు వారాలు ఏడ్చాను. రెండూ ఒకే కంపెనీవి జతగా తీస్కోండి. ఆర్డరిచ్చినప్పుడు చెవి ఒకపక్కే వంగుంటే ఏ1, రెండుపక్కలా వంగుంటే కే1, వంగకుండా నిటారుగా ఉంటే ఎస్‌ఏ1 లేదా ఎస్‌కే1 అని చెప్పాలి. రెండు బోల్టు చిల్లులుంటే ఏ2, కే2 అవుతాయి. ఎన్ని లింకులకో చెవో లెక్కెట్టండి, సరిసంఖ్య అయితే మామూలుగా అన్నీ బయట లింకుల మీదే వస్తాయి, బేసి అయితే ఒకటి బయట ఒకటి లోపల పడతాది, విడి లింకు మార్చాలంటే అది పెద్ద తలనొప్పి. మొత్తం లింకులు ఆ సంఖ్యతో భాగించబడాలి, లేపోతే ఒక పట్టీ దగ్గర ఖాళీ తేడా వస్తాది. హాఫ్ లింకు (ఒక చివర సన్నంగా, ఇంకో చివర వెడల్పుగా ఉండే లింకు) పెట్టి సర్దెయ్యకండి, దాని బలం తక్కువ.

కాశీబుగ్గ పిక్కలు: గ్రీజు ప్రతి వారం రాస్తన్నాను మరి, అయినా ఇలా ఎందుకు అరిగింది?

రాజాం ఫిట్టర్: గ్రీజు పైనే ఉండిపోద్ది, పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ మధ్యకి దిగదు, పైగా జీడి నూనె, దుమ్ము కలిసి ముద్దైపోతాది. కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టి, చైన్ వదులుగా ఉన్న వైపు ప్లేట్ల సందులోకి ఆయిల్ చుక్కలు పడాలి. పప్పు తగిలే లైనుకైతే ఫుడ్ గ్రేడ్ ఆయిలే వాడు. చైన్ చివర్లు కలిపే లింకు మీది లాక్ క్లిప్పు మూసున్న వైపు చైన్ నడిచే దిక్కుకుండాలి, తిరగేసి పెడితే ఎక్కడో తగిలి ఊడొచ్చేస్తాది.

కాశీబుగ్గ పిక్కలు: ఇప్పుడే చూసొచ్చాను బావా, క్లిప్పు తిరగేసే ఉంది. రెండు చైన్లకీ ఆర్డరిచ్చేస్తన్నాను.