బీరకాయలు పిందెలోనే పుచ్చిపోతున్నాయి, ట్రాప్ పెట్టినా పండు ఈగ ఆగట్లేదు

గుంటూరు డాబాతోట:
అందరికీ నమస్తే అండి. డాబా మీద రెండు గ్రో బ్యాగుల్లో బీర, ఒకదాంట్లో కాకర పెట్టా. తీగ పందిరంతా అల్లుకుంది, పూత కూడా బాగుంది, కానీ పిందె వేలెడు పొడుగు రాగానే పసుపు తిరిగి వంకరపోయి రాలిపోతోంది. మొన్న ఆదివారం ఒకటి పైకి బానే ఉంది కదా అని కోసుకొచ్చి కత్తిపీట ముందేసుకుని తరిగితే లోపలంతా తెల్ల పురుగులు, ఒకటైతే ఎగిరి నా చేతి మీద పడింది, మా అత్తగారు అప్పట్నుంచి బీరకాయ పేరెత్తితే లేచెళ్ళిపోతున్నారు. ఆన్‌లైన్‌లో పండు ఈగ ట్రాప్ తెప్పించి నెలైంది, దాంట్లో ఈగలు బాగానే పడుతున్నాయి, కాయలు మాత్రం పుచ్చుతూనే ఉన్నాయి. వేపనూనె కూడా కొట్టా. పురుగు మందులు మాత్రం చెప్పకండి ప్లీజ్, పిల్లలు తినేవి.

కాకరపాదు:
ట్రాప్ లోపల ఈగల్ని వాసనతో రప్పించే బిళ్ళ ఉంటుంది కదా, దాన్నే లూర్ అంటారు, దాని ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడండి. మిథైల్ యూజినాల్ అయితే అది మామిడి, జామ ఈగలకి. బీర, కాకర, సొర, దోస లాంటి తీగలకొచ్చే ఈగ వేరే, దానికి క్యూ లూర్ అని అడిగి తీసుకోవాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డా.

గుంటూరు డాబాతోట:
అయ్యో ఇప్పుడే పైకెళ్ళి చూసొచ్చానండి, మిథైల్ యూజినాలే! పక్కింట్లో పెద్ద జామచెట్టుంది. అంటే నెల రోజులుగా నా డబ్బుల్తో వాళ్ళ జామకాయలకి కాపలా కాస్తున్నానన్నమాట 😭

సిద్దిపేట మిద్దెతోట:
అక్కా, లూర్ మార్చినా సగం పనే అయితది, ఎందుకంటే దానికి పడేవి మగ ఈగలే, కాయని పొడిచి గుడ్లు పెట్టేది ఆడది. అసలు పని పిందెకి సంచి కట్టుడే. మా అమ్మ పాత దోమతెర చింపి జానెడు వెడల్పు, మూరెడు పొడుగు సంచులు కుట్టింది, మూతికి నాడా. ఆడ పువ్వు విచ్చుకున్ననాడు కట్టొద్దు, పరాగం అందక పిందె మాడిపోతది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటది కదా, అప్పుడే మగ పువ్వు తెంపి అద్దుతం, ఒకట్రెండు రోజులకి పువ్వు వాడి పిందె కొంచెం లావెక్కంగనే సంచి తొడుగుడే, ఆలస్యం చేస్తే ఈగ ముందే పొడిచేస్తది. సంచి లూజుగుండాలె, కాయకి అతుక్కుంటే గుడ్డ మీదికెళ్ళే పొడుస్తది. ప్లాస్టిక్ కవర్ మాత్రం కట్టకు, పోయిన వానాకాలం కడితే లోపల చెమట పట్టి నాలుగు కాయలు కుళ్ళినయ్.

కాకరపాదు:
పొడిచిన చోట జిగురు బొట్టు కనిపిస్తుంది, అలాంటి పిందెకి సంచి కట్టినా దండగే, తెంపేయండి. వేపనూనె కూడా లోపలికెళ్ళిన పురుగుని ఏం చేయదు, ఈగ వాలకుండా కొంత ఆపుతుందేమో అంతే. ఇంతకీ రాలిన పిందెలు ఏం చేస్తున్నారు?

గుంటూరు డాబాతోట:
కంపోస్ట్ డబ్బాలో వేస్తున్నా...

కాకరపాదు:
అదీ సంగతి! పురుగు కాయలోంచి బయటికొచ్చి మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున గోధుమ గింజలాంటి గూడు కట్టుకుంటుంది, వారం పది రోజుల్లో మళ్ళీ ఈగై మీ పందిరికే వస్తుంది. రాలినవాటిని ఏ రోజుకారోజు ఏరి కవర్లో గట్టిగా మూతికట్టి వారం ఎండలో పడేయండి. బ్యాగుల్లో పైమట్టి కూడా వేళ్ళు తెగకుండా గుల్ల చేయండి, ఆ గూళ్ళు ఎండకి మాడతాయి, చీమలూ పీక్కెళ్తాయి. అక్కడికీ తగ్గకపోతే అప్పుడు వేరే చూద్దాం.

గుంటూరు డాబాతోట:
థ్యాంక్సండి ఇద్దరికీ. కంపోస్ట్ డబ్బా మూత తీసి చూడాలంటేనే భయంగా ఉంది ఇప్పుడు. పాత దోమతెర ఒకటుంది, రేపు మిషన్ మీద కుట్టేస్తా. సిద్దిపేట తమ్ముడూ, కాకరకి కూడా అదే సైజు సరిపోతుందా?

సిద్దిపేట మిద్దెతోట:
తమ్ముడు కాదక్కా, చెల్లెని 😀 కాకరకి జానెడు పొడుగు చాలు. అది పొద్దున పూస్తది, పొద్దున్నే అద్దు.