సర్పంచ్ అయినంక కూలికి పోవచ్చా? మీ ఊళ్ల అనుభవాలు చెప్పండి (చర్చ)

యార్డు_పిల్లగాడు:
మా బాబాయి ఇరవై ఏండ్లుగా మార్కెట్ యార్డులో హమాలీ. మొన్న 2025 డిసెంబరు ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచిండు. యూనియన్‌లో తిరిగిన మనిషి. చాటలతో గింజలు చెరిగే కూలీల రేటు కోసం అడ్తిదార్లతో (కమిషన్ ఏజెంట్లతో) కొట్లాడిన పేరుంది, ఓట్లు కూడా దాంతోనే పడ్డయ్. ఇప్పుడు అసలు పంచాయితీ ఇంట్లో మొదలైంది. "సర్పంచ్‌వై బస్తాలు మోస్తవా, నలుగురు నవ్వరా" అని పిన్ని. "మోయకుంటే తినేదెట్ల" అని ఆయన. గౌరవవేతనం నెలకు 6,500. ఇట్ల కూలి పని నుంచి వచ్చినోళ్లు మీ దిక్కు ఎవరన్నా ఉంటే ఎట్ల నెట్టుకొచ్చిన్రో చెప్పండి.

బీడీకట్ట:
మా అమ్మ 2019లో బీసీ మహిళ రిజర్వేషన్‌లో గెలిచింది. అంతకుముందూ బీడీలే, ఆ తర్వాతా బీడీలే. నామినేషన్ డిపాజిట్ వెయ్యి రూపాయలు టేకేదారు (బీడీల కాంట్రాక్టరు) దగ్గర అడిగి తెచ్చి కట్టింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే జనం గడపలో కూర్చునేవాళ్లు. సంతకం కావాలంటే చెయ్యి కొంగుకు తుడుచుకుని పెట్టేది. మా ఇంట్ల ఉన్న పంచాయతీ కాయితాలు ఇప్పటికీ తంబాకు వాసనే.

కూలి పని చేసినందుకు మేం బాధపడలేదు. దెబ్బ పడింది పనుల దగ్గర. శ్మశానవాటిక, పల్లె ప్రకృతి వనం అని అప్పు తెచ్చి చేయించింది. 2024 ఫిబ్రవరి 1తో పదవీకాలం అయిపోయింది, బిల్లులు కొన్ని రానే లేదు. మిత్తి ఇంకా కడుతున్నం. యార్డు మాత్రం మానొద్దని చెప్పు తమ్ముడూ.

నల్లరేగడి:
కూలోడు గెలిస్తే కూలోళ్లకు మేలైతదని రాసిపెట్టి లేదు. మా ఊళ్లో ట్రాక్టర్ డ్రైవర్‌ను చందాలేసుకుని గెలిపించుకున్నం. రెండేండ్లు తిరక్కముందే ఆయనకే రెండు ట్రాక్టర్లు. పాత దొర అయితే ముఖం మీదే అడిగేటోళ్లం. ఈయన్ని అడగబోతే "నేనూ మీలాంటోన్నే కదన్నా" అని భుజం మీద చెయ్యేస్తడు. ఇగ నోరెట్ల లేస్తది?

ఇల్లెందు_దారి:
అందరినీ ఒక్క గాటన కట్టకండి. మా దిక్కు గుమ్మడి నర్సయ్య ఉన్నడు. కోయ గిరిజనుడు. ఇల్లెందు నుంచి 1983, 85, 89, 99, 2004లో గెలిచి అయిదుసార్లు ఎమ్మెల్యే, అయినా సైకిల్ మనిషే. అయితే నాదొక మాట. అందరూ ఆ సైకిల్ ఫొటో చూసి మురుస్తరు, ఆయన వెనక ఎంఎల్ కమ్యూనిస్టు పార్టీ, రైతుకూలీ సంఘాలు ఉన్న సంగతి మర్చిపోతరు. దారి తప్పితే అడిగేటోళ్లు ఉండిరి. నల్లరేగడి అన్న చెప్పిన డ్రైవర్‌కు అడిగేటోళ్లు లేకపోవుడే లోటు. హమాలీ సంఘం మీటింగులకు పోవుడు బంద్ చెయ్యొద్దని మీ బాబాయికి చెప్పు.

కార్యదర్శి_గారు:
నేను పంచాయతీ కార్యదర్శిని, ఆరేళ్ల సర్వీసు. కూలికి పోవద్దని ఎక్కడా లేదు, పోనివ్వండి. నా భయమంతా బీడీకట్ట గారు చెప్పిన అప్పు గురించే. తీర్మానం, అంచనా లేకుండా "ముందు పని మొదలుపెట్టు, బిల్లు తర్వాత చూద్దాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. పని అవుతున్నప్పుడే కొలతలు ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కించుకోవాలి, దాని జిరాక్స్ ఇంట్లో ఉండాలి. ఇంకోటి, చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా పడాలి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది ఇది. ఉపసర్పంచ్‌తో చెడిందా, ఊళ్లో వీధిలైటు బల్బు కూడా మార్చలేరు. మీ ఉపసర్పంచ్ ఏ వర్గం?

యార్డు_పిల్లగాడు:
ఎదుటి వర్గమే సార్. అదే పెద్ద తలనొప్పి. ఎంబీ మాట నేను ఇప్పుడే వింటున్న, రాసుకున్న.

నిన్నటి సంగతి చెప్త. బాబాయి ఎవ్వరికీ చెప్పకుండా యార్డుకు పోయిండు. మా ఊరి ముసలాయన ఒకాయన పింఛన్ కాయితం పట్టుకుని ఆటోలో అక్కడికే వచ్చిండట. మక్కల బస్తా మీద కాయితం పరిచి సంతకం పెట్టిండు. స్టాంపు ఎక్కడంటే టిఫిన్ డబ్బా సంచిలోంచి తీసిండట, పచ్చడి నూనె అంటి ఉంది. ముసలాయన ఊరంతా చెప్పుకుంటున్నడు. పిన్ని పొద్దుట్నుంచి మాట్లాడతలేదు గానీ డబ్బాకు, స్టాంపుకు వేర్వేరు సంచులు కుట్టి పెట్టింది.