అమ్మ యోగాసనాలకు ఇటుకలు (యోగా బ్లాకులు), కుర్చీ ఎలాంటివి తీసుకోవాలి?

మా అమ్మకు 62 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి. తేలికపాటి ఆసనాలు వేయవచ్చని డాక్టరు అన్నారు. కూకట్‌పల్లిలో మా ఇంటి నేల నున్నటి గ్రానైటు. చాప జారుతుందేమోనని నాకు చాలా భయం, పైగా నేను ఆఫీసుకు వెళ్లాక అమ్మ ఒక్కతే చేస్తుంది.

యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ పద్ధతిలో ఇటుకలు, బెల్టు, కుర్చీ, బాలీసుల ఆసరాతో పెద్దవాళ్ల చేత కూడా ఆసనాలు వేయిస్తారు కదా. త్రికోణాసనంలో చెయ్యి నేలకు అందకపోతే కింద ఇటుక పెట్టుకోవచ్చని తెలుసు. కానీ అది చెక్కదా, కార్కుదా, ఫోముదా? మెత్తటి ఫోము బరువు మోపితే అణిగి ఒరిగిపోదా? మడత కుర్చీ అసలు వద్దనిపిస్తోంది, సరేనా? మోకాళ్లు మడిచి పాదాల మధ్య కూర్చునే వీరాసనంలో మోకాళ్లపై ఒత్తిడి పడకుండా పిరుదుల కింద ఎంత ఎత్తు ఉండాలి? మియాపూర్ వైపు పెద్దవాళ్లకు ఓపికగా నేర్పే గురువులు తెలిస్తే దయచేసి చెప్పండి.