వరుస ఇంట్లో ఐసొలేషన్: జబ్బు మనిషి మంచం వసారాలో వెయ్యాలా, లోపలి గదిలోనా?

నాగావళి రేవు:
మా మండలంలో పంచడానికి ఒక పేజీ కరపత్రం తయారవుతోంది. "ఇంట్లో ఒకరికి కోవిడ్ తేలితే ఏం చెయ్యాలి" అన్నది విషయం. అంతటి మీదా మాట కుదిరింది, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. గాలి బాగా ఆడే వేరే గది, వీలైతే వేరే మరుగుదొడ్డి అని 2020 నుంచీ కేంద్ర ఆరోగ్యశాఖ చెబుతోంది. మన పల్లెల్లో వరుస ఇల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. వీధి వైపు అరుగు, వసారా. దాని వెనక కిటికీ లేని చీకటి గది. ఆ వెనక వంటిల్లు, పెరడు, పెరట్లో నుయ్యి, మరుగుదొడ్డి. అటు గోడా ఇటు గోడా పక్కింటివాళ్లవే. ఇందులో "వేరే గది" అంటే ఏది? "వసారాలో మంచం వెయ్యండి" అని రాద్దామని సగంమంది. "లోపలి గది రోగికి ఇచ్చీసి తలుపు మూసుకోమనండి" అని మిగతా సగం. కారణాలతో చెప్పండి.

వంశధార గట్టు:
వసారానే. ఈ జబ్బు ప్రధానంగా గాలి ద్వారా అంటుకుంటుంది. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది: పెద్ద తుంపర్లు 2 మీటర్ల లోపల పడిపోతాయి, సన్నటి తుంపర్లు గాలిలో తేలుతూ 10 మీటర్ల దాకా వెళ్తాయి, కాబట్టి తలుపులూ కిటికీలూ తీసి ఉంచమని. కిటికీ లేని చీకటి గదిలో ఫ్యాను వేస్తే బయటి గాలి లోపలికి రాదు, ఉన్న గాలినే కవ్వంతో చిలికినట్టు తిప్పుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ గాలి వంటింట్లోకి వస్తుంది. వసారాలో అయితే గాలి ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది.

మంచం వేసేటప్పుడు మూడు చూసుకోవాలి. పక్కింటి అరుగు మీద కూర్చునేవాళ్లకీ మంచానికీ మధ్య కనీసం నాలుగున్నర మూరలు, అంటే 2 మీటర్లు ఉండాలి. తలగడ ఇంటి గుమ్మం వైపు కాకుండా వీధి వైపు ఉండాలి. మరుగు కోసం కట్టే తాటాకు తడక భుజాల ఎత్తు దాకానే ఉండాలి, కింద జానెడు ఖాళీ వదలాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నలుగురూ చూస్తారని మూడు వైపులా టార్పాలిన్ పైనుంచి కింద దాకా దించీస్తారు. అప్పుడది వసారా కాదు, ఇంకో చీకటి గది.

బొబ్బిలి కోట వీధి:
గాలి గురించి మీరు చెప్పింది నిజమే గాని, ఆ మంచం మీద పడుకునేది ఎవరు? 60 దాటిన ఆడమనిషి అనుకోండి. జ్వరంతో చెమటలు పడుతుంటే వీధిలో పోయేవాళ్ల ముందు చీర సర్దుకుంటూ పడుకోవాలా? రెండో రోజుకే "నాకు తగ్గిపోయింది" అని లేచి లోపలికి వచ్చేస్తుంది. 7 రోజులు ఉండలేని చోట మంచం వేసి లాభం ఏటి?

రాత్రి సంగతి ఇంకొకటి. మరుగుదొడ్డి పెరట్లో ఉంది, వసారా వీధిలో ఉంది. రాత్రి రెండుసార్లు లేచే మనిషి ఇల్లంతా దాటుకుని, పడుకున్న పిల్లల మధ్యనుంచి నడిచి వెళ్లాలి. ఇంటి మొత్తానికి గాలి పంచడం కాదా అది? వానా గాలీ లెక్కలోకి తీసుకోండి. గులాబ్ తుపాను 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరలో తీరం దాటింది, అదీ కోవిడ్ కాలంలోనే. ఆ రాత్రి వసారా మంచాల మాట చెప్పక్కర్లేదు.

లోపలి గదినే బాగు చెయ్యొచ్చు. పెరటి వైపు చిన్న కిటికీ అయినా, వెంటిలేటరు కన్నం అయినా ఉంటే, బల్ల ఫ్యానుని దానికి ఆనించి మొహం బయటికి పెట్టాలి. ఫ్యాను చుట్టూ మిగిలిన సందుని అట్టముక్కలతో మూసెయ్యాలి. లేకపోతే బయటికి తోసిన గాలే పక్కనుంచి మళ్లీ లోపలికి దూరుతుంది. తలుపు మూసి, తలుపు కింద వేలెడు సందు వదిలితే ఇంట్లోని గాలి ఆ సందులోంచి రోగి గదిలోకి వెళ్తుంది, అక్కడి గాలి ఇటు రాదు. తడిగుడ్డతో ఆ సందు కూడా మూసేవాళ్లున్నారు. అది తప్పు, ఫ్యానుకి లాగడానికి గాలే ఉండదు.

వంశధార గట్టు:
కరెంటు పోతే?

బొబ్బిలి కోట వీధి:
పోతే రెండు తలుపులూ తీసి అందరూ పెరట్లోకి వెళ్లాలి. కరెంటు రోజంతా పోదు కదండీ. వాన మాత్రం ఒకసారి పట్టుకుంటే వదలదు.

పీహెచ్‌సీ డ్యూటీ:
మంచం ఎక్కడైనా, రోగిని చూసే పద్ధతి దాంతో మారుతుంది. ఆ ముక్క కరపత్రంలో లేకపోతే ప్రమాదం.

వసారాలో పల్స్ ఆక్సీమీటరు (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే మిషను) పెడితే ఎండ వెలుతురు నేరుగా పడి అంకె తప్పు చూపిస్తుంది. ఆ మిషను వెలుతురుతోనే కొలుస్తుంది మరి. వేలిని మిషనుతో సహా తువ్వాలు కింద పెట్టి చూడాలి. తెల్లవారుజామున చల్లగాలికి వేళ్లు చల్లబడి ఉంటే చేతులు రుద్ది వెచ్చబడ్డాక చూడాలి. గోళ్ల రంగు, గోరింటాకు లేని వేలు ఎంచుకోవాలి. 5 నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, అంకె నిలకడగా ఆగాక రాసుకోవాలి. లేచి మరుగుదొడ్డికి వెళ్లి వచ్చిన వెంటనే పెట్టిన అంకె వేరేగా రాయాలి, అదీ పనికొస్తుంది: కూర్చున్నప్పుడు 96 ఉండి నడిచాక 3, 4 తగ్గితే డాక్టరుకి చెప్పాలి. కూర్చున్నప్పుడే 94 కంటే తగ్గినా, నిమిషానికి ఊపిరి 24 దాటినా ఇంట్లో కూర్చోకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి చెప్పకూడదు, చెబితే వేగం మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, పొట్ట ఎత్తడం నిండు నిమిషం లెక్కపెట్టండి.

ఇంకొకటి, నులక మంచం. ఆక్సిజన్ తగ్గేవాళ్లని బోర్లా పడుకోమంటున్నాం. ఒకటి మెడ కింద, ఒకటో రెండో ఛాతీ నుంచి తొడల దాకా, రెండు మోకాళ్ల కింద ముంగాళ్లకి, అలా దిండ్లు పెట్టి. తిన్నాక గంట ఆగి, ఒక్కో భంగిమలో అరగంట నుంచి 2 గంటల దాకా. నులక సాగిపోయిన మంచం మీద ఇది కుదరదు. నడుం కుంగిపోయి పొట్ట మీద బరువు పడుతుంది, ఊపిరి ఇంకా కష్టమవుతుంది. దాన్ని బిగించాలి, లేదా కింద చాపా బొంతా వేసి నేలమీద పడుకోబెట్టాలి. గర్భిణులకి బోర్లా వద్దు, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చాలు.

కొబ్బరి మువ్వ:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఇళ్లకి ఒక పేరా వేరేగా రాయండి, దయచేసి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎందరున్నారో మీకు తెలుసు. ఆ ఇంట్లో "జ్వరం వస్తే నొప్పి మాత్ర వేసుకోండి, కొబ్బరినీళ్లు తాగండి, ఓఆర్ఎస్ కలుపుకోండి" అని రాస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. కొబ్బరినీళ్లలోనూ, ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి అది గుండె మీదికి వస్తుంది. నీళ్లు ఎన్ని తాగాలన్నది కూడా వాళ్లకి కొలతే.

డయాలసిస్ మనిషికి వసారానా గదా అన్న ప్రశ్నే వేరు. వారంలో రెండు మూడుసార్లు పలాసకో సోంపేటకో వెళ్లక తప్పదు. టెస్టులో పాజిటివ్ అని తేలగానే ముందుగా ఆ కేంద్రానికి ఫోన్ చేసి ఏ షిఫ్టులో రమ్మంటారో అడగాలి. భయపడి ఒక సిట్టింగు ఎగ్గొడితే కోవిడ్ కన్నా ముందు అదే ముంచుతుంది.

నాగావళి రేవు:
ఇది కచ్చితంగా చేరుస్తాం. చాలా పెద్ద తప్పు తప్పించారు.

పూల్‌బాగ్ మాస్టారు:
ఇద్దరూ రోగిని ఎక్కడ పెట్టాలా అని వాదిస్తున్నారు గాని, మిగతావాళ్లని ఎక్కడ పెట్టాలా అని ఎవరూ అడగడం లేదు. ఇంట్లో అయిదుగురుంటే ఒకరిని బయటికి పంపడం కన్నా నలుగురిని పంపడమే తేలిక, వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారు గనక. రోగి పెరటి వైపు, అంటే మరుగుదొడ్డికి దగ్గరగా. మిగతావాళ్లు వీధి వైపు వసారాలో, డాబా ఉంటే డాబా మీద. పొయ్యి కూడా ముందుకి తెచ్చుకోవాలి. వంటిల్లు పోతుందని ఆడవాళ్లు ఒప్పుకోరంటారు, నిజమే, అది చిన్న కష్టం కాదు. కాని రాత్రి ఇల్లంతా దాటాల్సిన పని రోగికి తప్పుతుంది, ఆ రోగి ఆడమనిషైతే మర్యాదా నిలుస్తుంది.

ఇది పనిచేస్తుందా లేదా అన్నది గాలి చెబుతుంది, మనం కాదు. కనుక్కోడానికి అగరుబత్తి చాలు. రోగి గదిలో లేనప్పుడే చెయ్యాలి, ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముందు తలుపు, వెనక తలుపు తీసి, మధ్య తలుపు జానెడు తెరిచి ఉంచండి. ఆ సందు దగ్గర అగరుబత్తిని మొదట మోకాలి ఎత్తులో పట్టుకోండి, పొగ ఎటు వంగుతుందో చూడండి. తర్వాత తల కన్నా ఎత్తులో పట్టుకోండి. రెండు చోట్లా ఒకే వైపు వంగితే గాలి నిజంగా ఇంటిని దాటుతోందని అర్థం. కింద ఒక వైపు, పైన ఇంకో వైపు వంగితే అది దాటడం లేదు. వేడిగాలి పైనుంచి పోతోంది, చల్లగాలి కిందనుంచి వస్తోంది, రెండు గదుల గాలీ కలుస్తోంది. అలాంటి చోట ఫ్యాను పెట్టి తోయక తప్పదు. బొబ్బిలి వారు చెప్పిన అట్టముక్కల ఫ్యాను అప్పుడే కావాలి.

ఒక్కసారి చూసి వదలకూడదు. తీరం ఊళ్లలో, బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు, పగలు సముద్రం మీంచి గాలి వస్తుంది, రాత్రి నేల మీంచి సముద్రానికి పోతుంది. పగలు ముందునుంచి వెనక్కి పోయిన పొగ రాత్రి వెనకనుంచి ముందుకి రావచ్చు. పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు మూడుసార్లు చూడాలి. రాత్రి తిరగబడితే మధ్య తలుపు మూసి ఫ్యాను వెయ్యాలి. పార్వతీపురం, సాలూరు వైపు కొండల మధ్య ఊళ్లలో పరిస్థితి వేరు, అక్కడ వాళ్లు వాళ్ల పొగనే నమ్ముకోవాలి.

వంశధార గట్టు:
మాస్టారూ, మంచి మాట. మీ ఏర్పాటుకి ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. పొగ వెనక్కి పోవాలి. పోకపోతే వసారా మంచమే. దాన్ని కరపత్రంలో కొట్టెయ్యకండి.

బొబ్బిలి కోట వీధి:
పోకపోతే ముందు ఫ్యాను, ఆ తర్వాతే వసారా. వరుస మారితే నేను ఒప్పుకోను.

పీహెచ్‌సీ డ్యూటీ:
మరుగుదొడ్డి ఒక్కటే కాబట్టి నియమం ఒకటి రాయండి. పొద్దున మిగతావాళ్లు ముందు, రోగి ఆఖరున. రోగి మాస్కుతో వెళ్లాలి. బయటికొచ్చాక వెంటిలేటరు తీసి ఉంచి అరగంట దాకా ఎవరూ లోపలికి పోకూడదు. చెంబు, బకెట్టు రోగికి వేరే. రాత్రికి మూత ఉన్న బకెట్టు గదిలోనే పెడితే తిరగడం తగ్గుతుంది.

బ్లీచింగ్ గురించి క్లుప్తంగా. 33 శాతం క్లోరిన్ ఉన్న పొడి లీటరు నీళ్లకి 30 గ్రాములు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. మూత తీసి తేమలో ఉంచిన పొడికి బలం పోతుంది. పేడతో అలికిన నేల మీద చల్లడం వృథా, మట్టీ పేడా క్లోరిన్‌ని తినేస్తాయి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు లేస్తుంది, చిన్న గదిలో మనిషి కూలిపోతాడు. మనుషుల మీద చల్లకూడదు. కంచాలకీ బట్టలకీ సబ్బు చాలు, ఆ వైరస్ పైపొర కొవ్వుది, సబ్బుకి విడిపోతుంది.

నాగావళి రేవు:
వాక్యం ఇలా మార్చాను, చూడండి:

"రోగి మంచం మరుగుదొడ్డి ఉన్న వైపు, మిగతావాళ్లు ఇంకో వైపు. అగరుబత్తి పొగ మిగతావాళ్ల వైపు నుంచి రోగి వైపు పోవాలి. పోకపోతే రోగి గది కిటికీకి ఫ్యాను మొహం బయటికి పెట్టండి. కిటికీయే లేకపోతే, వాన లేనప్పుడు, వసారాలో తడక కట్టి మంచం వెయ్యండి. పరీక్షలో తేలిన రోజు నుంచి 7 రోజులు, వరసగా ఆఖరి 3 రోజులు జ్వరం లేకుండా."

7 రోజుల లెక్క 2022 జనవరి నిబంధనది, 2021లో 10 రోజులు ఉండేది.

కొబ్బరి మువ్వ:
తడక అన్నారు, దోమతెర అనలేదు. ఈ కాలంలో వసారాలో పడుకుంటే మలేరియా, డెంగీ రెండూ ఉన్నాయి. దోమతెర నాలుగు తాళ్లు మంచం కోళ్లకి కర్రలు కట్టి వాటికి కట్టమనండి. వసారా దూలాలకి కడితే తెర వేలాడి తడకకి అంటుకుంటుంది, అంటుకున్న చోటనుంచే దోమ కుడుతుంది.

నాగావళి రేవు:
చేర్చాను. అచ్చుకి శుక్రవారం ఇస్తాం. ఇంకేదైనా తప్పు కనిపిస్తే గురువారం రాత్రిలోగా ఇక్కడే రాయండి.