కొండదారికి దగ్గరగా ఇల్లు: బెజవాడా, మంగళగిరా, గుంటూరా? (సైకిల్ ఫోరంలో చర్చ, ప్రతి పోస్టు పైన రాసినవాళ్ళ పేరు)

మట్టిదారి

నమస్కారమండీ. జూన్ నుంచి నాకు బెజవాడ ట్రాన్స్‌ఫర్. ఆఫీసు బెంజి సర్కిల్ దగ్గర. మా ఆవిడ చేరబోయేది గుంటూరులో. పాపకి తొమ్మిదేళ్ళు. ఇవన్నీ చూసుకుంటూనే ఇంకొకటి కూడా చూసుకోవాలని ఉంది. ఇంటి గేటు దగ్గర సైకిలెక్కితే మట్టిదారి చేరేదాకా దిగకూడదు. హైదరాబాద్‌లో పదకొండేళ్ళు కారు వెనక స్టాండుకి సైకిల్ కట్టుకుని ఆదివారాలు ఊరి బయటికి పోయి వచ్చా. పోను గంట, రాను గంటన్నర, తొక్కేది గంటన్నర. ఏడాది మొత్తం లెక్కేస్తే ఇరవై ఆదివారాలు కూడా దక్కలేదు. ఈసారి ఇల్లే దారి దగ్గర తీసుకుందామని గట్టిగా అనుకున్నా.

నాది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్. పెద్ద పెద్ద దూకుళ్ళు వద్దు. ఎక్కుడూ దిగుడూ రాళ్ళూ, కాస్త చెట్ల నీడా ఉంటే చాలు. కొండపల్లి వైపు ఉండమని ఒకరు, మంగళగిరి అని ఇంకొకరు, కొండవీడు కోసం గుంటూరే నయమని మరొకరు చెబుతున్నారు. మీరు రోజూ తొక్కేవాళ్ళు కదా, మీ అనుభవం చెప్పండి.

గొల్లపూడి_గేరు

అన్నా, రండి రండి. నేను గొల్లపూడిలో ఆరేళ్ళుగా ఉంటున్నా. కొండపల్లి అడవి కోసమే ఇటు వచ్చా.

ముందు మంచి చెప్తా. మన చుట్టుపక్కల మౌంటెన్ బైకింగ్‌కి కొండ అంటే అదే. ఖిల్లా మీదికి తారు రోడ్డుంది, అదెక్కితేనే తొడలు పట్టేస్తాయి. పక్కన పశువులూ కట్టెలవాళ్ళూ నడిచి నడిచి పడ్డ బాటలు. కింద ఎర్రమట్టి, పైకి పోయేకొద్దీ కాలి కింద జారే వదులు రాళ్ళు. వానలు పడ్డాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మూలపాడు వైపు చూడాలి మీరు. అక్కడ సీతాకోకచిలుకల పార్కు పెట్టారంటే ఊరికే పెట్టలేదు, ఆ నెలల్లో అవి ముఖానికి తగులుతూ ఎగురుతాయి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఈ కొండలదే.

ఇక చెడు. గొల్లపూడి నుంచి ఇబ్రహీంపట్నం దాకా నేను పోయేది హైదరాబాద్ హైవే మీదే. ఇసుక లారీలు, బూడిద లారీలు. తెల్లారగట్ట అయిదింటికి ఆ డ్రైవర్లు రాత్రంతా బండి నడిపి కళ్ళు మూతలు పడుతూ ఉంటారు. రెండేళ్ళ కిందట గుంటుపల్లి దాటాక ఒక లారీ వెనక చెక్క నా మోచేతిని రాసుకుంటూ పోయింది. పడలేదు. చొక్కా చెయ్యి మాత్రం భుజం దాకా చిరిగింది. ఆ చొక్కా చూశాక మా అమ్మ మూడు నెలలు నన్ను గేటు దాటనివ్వలేదు. ఇప్పుడు వారానికి ఒక్కసారే పోతున్నా, అదీ సైకిల్ కార్లో పెట్టుకుని. అంటే మీరు హైదరాబాద్‌లో పడ్డ పాటే, కాస్త దగ్గర్లో. కొండ ఎంత దూరమో అందరూ చెప్తారన్నా. ఇంటికీ కొండకీ మధ్య ఏ రోడ్డుందో అడగండి. నేను అడగలేదు.

కొలనుకొండ

పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను తాడేపల్లిలో ఉంటా. సీతానగరం దగ్గర మొదలుపెట్టి ఉండవల్లి, తాడేపల్లి, అటు మంగళగిరి దాకా చిన్న చిన్న కొండలు వరసగా ఉన్నాయి. ఏదీ కొండపల్లికి సాటి రాదు. నేనొప్పుకుంటా. కానీ మా గేటు నుంచి చక్రం మట్టి మీద పడటానికి ఏడు నిమిషాలు.

ఆ ఏడు నిమిషాల వల్లే సోమ, బుధ, శుక్రవారాలు నాకు దక్కాయి. 5:10కి బయల్దేరతా, 6:50కి స్నానం చేస్తుంటా. కొండ పాదాన డొంక పట్టుకుని కాసేపు, ఉండవల్లి కరకట్ట మీద కాసేపు, ఓపికుంటే పెనుమాక, ఎర్రబాలెం మీదుగా మంగళగిరి పోయి పానకాల స్వామి గుడి ఘాట్ రోడ్డు ఎక్కి రావడం. ఉండవల్లి గుహల ముందు పొలాల గట్ల మీద మంచు పట్టిన రోజుల్లో తొక్కితే ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది.

మీ ఇంటి లెక్క కూడా కుదురుతుంది. మీరు వారధి దాటితే బెంజి సర్కిల్. మీ ఆవిడగారికి గుంటూరు రైలు మంగళగిరిలో ఆగుతుంది, హైవే మీద బస్సులకి లోటు లేదు. పడి దెబ్బ తగిలితే మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. రాళ్ళ మీద తొక్కేవాడు అది కూడా చూసుకోవాలి.

నల్లరేగడి

గుంటూరు వాణ్ణి, విద్యానగర్. మా ఊరిని వదులుకోవడం ఇష్టం లేకపోయినా ఉన్నదున్నట్టు చెప్తా.

కొండవీడు మాకు గర్వం. అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధాని మార్చుకున్న కొండ అది. ఘాట్ రోడ్డు వేశాక ఎక్కడం తేలికైంది. పైన కోట బురుజుల మధ్య, చెరువుల పక్కన తిరుగుతుంటే టైం తెలీదు. అయితే గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లు. అది ఆదివారం సంగతి, రోజువారీ కాదు.

రోజూ తొక్కాలంటే మా చుట్టూ ఉన్నది పత్తి చేలు, మిరప చేలు, వాటి మధ్య డొంకలు. నేల నల్లరేగడి. వేసవిలో నెర్రెలిచ్చి ఉంటుంది. నెర్రె దారికి అడ్డంగా ఉంటే దాటేస్తాం, దారి వెంబడే ఉంటే ముందు చక్రం అందులో దిగి మనిషిని విసిరికొడుతుంది. వాన పడితే ఇంకో కష్టం. నిరుడు ఆగస్టులో లాం దాటాక ఒక్క జల్లు పడింది, పావుగంట కూడా కాదు. చక్రం పది తిరుగుళ్ళు తిరిగేసరికి మట్టి టైరుకి చుట్టుకుని, మందంగా పేరుకుని, ఫోర్కు సందులో బిగుసుకుపోయింది. నేను మూర్ఖంగా పెడల్ మీద బలం పెట్టా. చెయిన్‌ని గేరు మార్చే వెనక డిరైలర్ మట్టిముద్దతో పాటు తిరిగి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ ఫట్మని విరిగింది. సైకిల్ భుజానేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచా. దారిలో ఒక రైతు బాబాయి వేపపుల్ల విరిచి ఇచ్చి, ముందు మట్టి గీకి తర్వాత నెట్టమన్నాడు. అప్పటి నుంచి వానాకాలం బ్యాగులో ఒక వెదురు బద్ద, ఒక స్పేర్ హ్యాంగర్ పెట్టుకుంటా.

పేరేచర్ల వైపు కొండలున్నాయి గానీ క్వారీ టిప్పర్లు తిరుగుతాయి. ఆ దుమ్ము పీల్చుకుంటూ తొక్కడం నా వల్ల కాలేదు.

తెల్లారగట్ల

అన్నయ్యగారూ, నేను మంగళగిరిలో ఉంటాను, ఒంటరిగానే తొక్కుతాను. ఇక్కడ ఎవరూ కుక్కల సంగతి ఎత్తలేదు. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆ వీధిలో తెల్లారగట్ట అయిదింటికి ఒకసారి సైకిల్ మీద వెళ్ళి చూడండి. పగలు బ్రోకర్‌తో వెళ్తే అన్ని వీధులూ ప్రశాంతంగానే ఉంటాయి. నేను మొదట తీసుకున్న ఇంటి మలుపులో తొమ్మిది కుక్కలు. రోజూ దిగి నడిపించుకుంటూ పోవాలి. నాలుగు నెలలకి ఇల్లు మారాను. మారింది రెండు వీధుల అవతలికే, కానీ ఆ రెండు వీధులతో నా పొద్దు మారిపోయింది.

ఇంకోటి. దారి మొదట్లో అయిదింటికే తెరిచే టీ కొట్టు ఉంటే మంచిది. నేను వెళ్ళేటప్పుడు ఆ పిన్నిగారికి ఏ వైపు వెళ్తున్నానో చెప్పి వెళ్తాను. వచ్చేటప్పుడు కనపడకపోతే ఆవిడ మా ఇంటికి ఫోన్ చేస్తుంది. ఒకసారి చెయిన్ తెగి ఆలస్యమైతే నిజంగానే చేసింది. కొండ మీద సిగ్నల్ అన్నిచోట్లా అందదు, ఇలాంటి మనిషి ఒకరు కావాలి.

పల్లేరుకాయ

టైర్ల గురించి. ఎక్కడ ఇల్లు తీసుకున్నా పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు తప్పవు. హైదరాబాద్‌లో ట్యూబులతో నెట్టుకొచ్చి ఉంటే ఇక్కడికొచ్చాక ట్యూబ్‌లెస్ చేయించండి. నేను ఒక్క రైడులో మూడు పంక్చర్లు చూశాక మార్చా. 2.25 అంగుళాల టైరు, నా 68 కిలోల బరువుకి గాలి ముందు 21, వెనక 24 పీఎస్ఐ. పల్లేరుకాయ గుచ్చుకుంటే పీకేసి చక్రం గిర్రున తిప్పితే టైరు లోపల పోసిన సీలెంట్ ద్రవం చిల్లు పూడ్చేస్తుంది. మన ఎండకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, మార్చి నుంచి జూన్ దాకా నేను నెలన్నరకోసారి పోస్తా. డొంక పక్క గడ్డిలోకి దిగకండి, నడిమధ్యన బండ్ల గాడిలోనే ముళ్ళు తక్కువ.

బుడమేరు_గట్టు

ఇల్లు అన్నారు కాబట్టి రాస్తున్నా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మేం సింగ్ నగర్‌లో ఉన్నాం. మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్ళు. నాలుగు రోజులు మేడ మీదే. అద్దె తక్కువని ఎవరైనా అటు చూపిస్తే ఆ వీధిలో నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో పక్కింటివాళ్ళని అడగండి. గోడల మీద గీత ఇంకా కనిపిస్తుంది.

కొండకి ఆనుకుని ఉన్న ఇల్లు కూడా వద్దు. అదే వానకి ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. కొండ దగ్గర ఉండాలి, కొండ కింద ఉండకూడదు.

గొల్లపూడి_గేరు

ఇది నేను రాయాల్సింది, మర్చిపోయా. ధన్యవాదాలండీ.

అడవిబాట

పెద్దవాణ్ణి, అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యా. కుర్రాళ్ళు సైకిళ్ళ మీద కొండలెక్కుతుంటే నాకు సంతోషంగా ఉంటుంది. రెండు మాటలు చెప్పనివ్వండి.

కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు. 1967 నాటి మన అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోకి పోవడం నేరం. ఖిల్లా రోడ్డు, పార్కు అందరికీ తెరిచినవి. లోపలి బాటలు అలా కాదు. రేంజ్ ఆఫీసుకి పోయి అడగండి, పేర్లు రాసిచ్చి గుంపుగా వెళ్ళండి. వేసవిలో పొయ్యి రాజేయకండి, సిగరెట్టు వెలిగించకండి. ఎండుటాకు కాలే వేగానికి సైకిల్ మీద తప్పించుకోలేరు.

రెండోది బాటల గురించి. కట్టెలవాళ్ళ బాట కొండ మీంచి నిటారుగా కిందికి దిగుతుంది, వాళ్ళకి అది దగ్గరదారి. వాన పడినప్పుడు నీరూ అదే దగ్గరదారి పడుతుంది. మీరు వెనక బ్రేకు బిగించి చక్రం ఈడ్చుకుంటూ దిగితే ఒక గాడి పడుతుంది, మొదటి వానకి అది కాలువ అవుతుంది, మూడో ఏటికి రాళ్ళు తేలి ఎవరికీ పనికిరాదు. 1988లో మొదలైన అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం, ఐఎంబీఏ, దారులు వేసేవాళ్ళకి ఒక లెక్క చెబుతుంది. దారి వాలు కొండవాలులో సగానికి మించకూడదు, మొత్తం మీద సగటున పది శాతం లోపు ఉండాలి. అంటే దారి కొండని చుట్టుకుంటూ పోవాలి. అప్పుడు నీరు దారికి అడ్డంగా దాటి పోతుంది, దారి వెంట పారదు. మన కొండల మీద అలా చుట్టుకుని పోయే బాటలు పశువులవే. గేదె కడుపుతో నిటారుగా ఎక్కదు. పశువుల బాట దొరికితే దాన్నే పట్టుకోండి. కాపరి కనపడితే సైకిల్ దిగి పక్కకి నిలబడండి. ఆ బాటకి మీకన్నా ముందు హక్కు అతనిది.

నల్లరేగడి

బాబాయిగారూ, గేదె మాట జన్మలో మర్చిపోను. కొండవీటిలో నాకు నచ్చిన దారి సరిగ్గా అలాంటిదే. ఎందుకు నచ్చిందో ఇప్పుడు తెలిసింది.

మట్టిదారి

మొన్న శనివారం వచ్చి రెండు రాత్రులు ఉండి వెళ్ళా. సైకిల్ తెచ్చుకున్నా.

ఆదివారం కొలనుకొండ అన్నతో తాడేపల్లి నుంచి 5:15కి బయల్దేరాం. డొంక మొదట్లో మెత్తటి దుమ్ము, టైరు కింద పిండిలా ఉంది. మలుపు తిరగగానే చిన్న ఎక్కుడు. అరచేతి మందం రాళ్ళు పరిచినట్టున్నాయి. రెండుసార్లు కాలు కింద పెట్టా. మూడోసారి అన్న చెప్పినట్టు ముందుకి వంగి, చూపు చక్రం మీద కాకుండా పైనున్న తుమ్మచెట్టు మీద పెట్టి తొక్కితే ఎక్కేశా. పైన నిలబడితే ఒకవైపు కృష్ణ, బ్యారేజీ దీపాలు ఇంకా ఆరలేదు. అంతలోనే ఎక్కడో మైకులో సుప్రభాతం. ఏడింటికల్లా ఇద్దరం ఇడ్లీ తింటున్నాం. పదకొండేళ్ళలో ఏ ఆదివారం ఏడింటికి తిరిగి వచ్చి కూర్చున్నానో గుర్తు లేదు.

సోమవారం పొద్దున అయిదింటికి ‘తెల్లారగట్ల’ గారి మాట పట్టుకుని మూడు వీధులు తిరిగా. పగలు నాకు బాగా నచ్చిన ఇంటి దగ్గరే కుక్కల గుంపు ఉంది. దాన్ని వదిలేశాం. పెనుమాక రోడ్డు వైపు ఇంకో ఇల్లు, కొండకి కాస్త ఎడంగా, మెరక మీద. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఓనరుగారు పదకొండు నెలల అగ్రిమెంటు అన్నారు. మా ఆవిడ రైలు టైములు రాసుకుంది. పాప స్కూలు ఒక్కటే ఇంకా తేలలేదు.

ఒకే అనుమానం మిగిలింది. బురద సైకిల్‌ని రెండో అంతస్తుకి మోసుకుపోతే ఇంట్లో యుద్ధమే. మీరేం చేస్తున్నారు?

తెల్లారగట్ల

అగ్రిమెంటు రాసే ముందే ఓనరుగారిని గేటు పక్కన కుళాయి, సైకిల్ కట్టేయడానికి మెట్ల కింద ఒక కొక్కెం అడగండి అన్నయ్యగారూ. రాశాక అడిగితే ఎవరూ ఇవ్వరు. నాకు ఇచ్చారు. చెయిన్ తుడుచుకునే పాత చీర ముక్క కూడా అక్కడే వేలాడుతుంటుంది.

కొలనుకొండ

జూన్ మొదటివారంలో ఎండ ఇంకా తగ్గదు. 4:50కే బయల్దేరదాం, నీళ్ళు రెండు లీటర్లు. పాపకి 24 అంగుళాల సైకిల్ మా అబ్బాయిది ఖాళీగా ఉంది. కరకట్ట మీదికి తీసుకొద్దాం, అక్కడైతే నేర్చుకోవడానికి భయం లేదు.