'హీలింగ్'ని తెలుగులో ఏమనాలి?

నమస్తే అండీ. కెనడాలోని విన్నిపెగ్‌లో స్త్రీవాద అధ్యయనాల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ హత్యకు గురైన, కనిపించకుండా పోయిన ఆదివాసీ స్త్రీల కోసం వాళ్ల తోటి ఆడవాళ్లు చేసిన కళ నా అంశం. 2012లో క్రిస్టీ బెల్‌కోర్ట్ అనే మెతీ (కెనడా ఆదివాసీ జాతుల్లో ఒకటి) చిత్రకారిణి మొకాసిన్ అనే మెత్తటి తోలు చెప్పుల పైభాగాలు 600 జతలు కుట్టి పంపమని అడిగితే, 1,700కు పైగా వచ్చాయి. చాలావాటి మీద పూసల కుట్టుపని ఉంది. వాటికి అడుగు కుట్టలేదు, మధ్యలో ఆగిపోయిన బతుకులకు గుర్తుగా. వాటిని ప్రదర్శనకు పెట్టినప్పుడు చూసేవాళ్లు చెప్పులు విప్పి, పక్కన పరిచిన గుడ్డ మీద నడిచేవాళ్లు.

దీని మీద తెలుగులో వ్యాసం మొదలుపెట్టి 'హీలింగ్' దగ్గర ఆగిపోయాను. 'స్వస్థత' అంటే ప్రార్థన కూటాల పోస్టర్ గుర్తొస్తోంది, 'చికిత్స' అంటే ఆసుపత్రి. 'ఊరట'లో పోరాటం లేదు. 'గాయం మానడం' కాస్త దగ్గరే గానీ, ఇది ఒక్కరి గాయం కాదు కదా!

కోయ, గోండు, లంబాడీ ఇళ్లలో పుట్టినవాళ్లు మీ భాషలో ఏమంటారో చెప్పగలరా? ఇంకోటి, కుట్టుపని చేసే ఆడవాళ్ల మాటలు రికార్డు చేసినవాళ్లు అనుమతి ఎలా అడిగారు? సంతకం పెట్టమని కాగితం చాపడానికి నాకు మొహమాటంగా ఉంది.