సెప్సిస్: లాక్టేట్ దిగింది, ప్రోకాల్సిటోనిన్ దిగలేదు. దేన్ని చూడాలి?

మా నాన్నకు యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) అయింది, కర్నూలులో ఐసీయూలో ఉన్నారు. లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందకపోతే రక్తంలో పెరిగేది) 4.6 నుంచి 1.9కి దిగింది, బీపీ పెంచే మందు కూడా తగ్గించారు. ప్రోకాల్సిటోనిన్ (బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే రక్తపరీక్ష) మాత్రం 38 దగ్గరే ఆగింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.1, అంటే ఎక్కువే. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే ప్రోకాల్సిటోనిన్ నిదానంగా దిగుతుందని చదివాను, మా నాన్న విషయంలోనూ అదేనా? డాక్టరుగారు "చూద్దామమ్మా" అని పక్క బెడ్డుకు వెళ్లిపోతారు. ఆదోని నుంచి చుట్టాలేమో ఫోన్ చేసి ఈరోజు ఎంత వచ్చిందంటారు, ఇదేమన్నా క్రికెట్ స్కోరా!

ఐసీయూలో పనిచేసినవాళ్లుంటే చెప్పండి. ఇంత ఖరీదైన ప్రోకాల్సిటోనిన్ టెస్టు రోజూ చేయించాలా? యూరిన్ ఎంత వస్తోంది, తెలివిలో ఉన్నారా అన్నవే ఎక్కువ ముఖ్యమా? రేపు రౌండ్స్‌లో డాక్టరుగారిని ఏమని అడగాలి?